గేటు దగ్గర ర్యాండమ్

హుజూరాబాద్ దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఒక విత్తనాల కంపెనీ ఉండేది. కొన్నేళ్లు నేను అందులో ల్యాబ్‌లో పనిచేశాను. బస్తాల్లోంచి తీసిన వరి గింజల్ని తడి కాగితం మీద వరుసగా పేర్చి, చుట్ట చుట్టి, వెచ్చటి గదిలో నిలబెట్టాలి. మొలకలు వచ్చాక ఏవి బాగున్నాయో, ఏవి వంకర పోయాయో, ఏవి అసలు కళ్లే తెరవలేదో చూసి చెప్పాలి. డిగ్రీలో నేను చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. ఆ చదువుకూ ఈ మొలకలకూ ఏ సంబంధమూ లేదు. కంపెనీ బస్సు మా గల్లీ చివరికే వచ్చి ఎక్కించుకుంటుందని విని మా నాన్న, అబ్బా, సరేనన్నాడు. అంతే.

ర్యాండమ్ అనే మాటకు ఒక పని ఉంటుందని నేను అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు అది పిల్లలు ఫోన్లలో టైప్ చేసుకునే మాట మాత్రమే. చేరిన కొత్తలో ల్యాబ్ ఇన్‌ఛార్జ్ నన్ను గోదాంలోకి తీసుకుపోయి, బస్తాలోకి గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం చేతికిచ్చింది. నేను ఎదురుగా ఉన్న శుభ్రమైన బస్తా దగ్గరికి పోయాను. ఆమె నవ్వి ఆపింది.

"గా బస్తనే ఎందుకు పోయినవ్?"

"ఊరికే మేడమ్. దగ్గర ఉన్నదని."

"ఊరికే అనుకుంటం. చెయ్యి ఎప్పుడూ ఊరికే పోదు. దగ్గరున్నది చూస్తది, మంచిగున్నది చూస్తది. ర్యాండమ్ అంటే నీ ఇష్టం గాదు. నీ ఇష్టం అండ్లకెళ్లి తీసేసినంక మిగిలేది."

ఆ రోజు నుంచి బస్తాలకు నంబర్లు వేసి, చీటీలు తీసి, వచ్చిన నంబరు బస్తాకే పోయేదాన్ని. అది గుట్టలో అడుగున ఉన్నా సరే, హమాలీలు విసుక్కున్నా సరే. మా శిక్షణ కాగితాల్లో ఆ మాటకు తెలుగులో 'యాదృచ్ఛికం' అని ఉండేది. దాన్ని నోరు తిరిగి పలికినవాళ్లను నేను చూడలేదు.

హైబ్రిడ్ వరికి తల్లి విత్తనం, తండ్రి విత్తనం అని వేరువేరుగా ఉంటాయి. అవి బయటికి పోతే కంపెనీ కష్టమంతా పోయినట్టే. అందుకని వాటిని చల్లగదిలో తాళం వేసి ఉంచేవాళ్లు. ఒక వానాకాలం ఆ గదిలోంచి తల్లి విత్తనం ప్యాకెట్ ఒకటి కనిపించకుండా పోయింది. గది అంతా దులిపారు. దొరకలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. కానీ మేనేజర్ మమ్మల్ని చూసే చూపు మారింది. మేము ఒకరినొకరం చూసుకునే చూపు కూడా.

తర్వాత కొద్దిరోజులకు ఆడవాళ్లు బయటికి పోయే గేటు దగ్గర ఒక టేబుల్ వేశారు. దాని మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె. పెట్టె మీద ఒక గుండ్రటి బటన్, పైన రెండు లైట్లు. ఇంటికి పోయే ప్రతి మనిషీ బటన్ నొక్కాలి. పచ్చ లైటు వస్తే పోవచ్చు. ఎర్ర లైటు వస్తే టేబుల్ వెనక పరదా చాటుకు పోవాలి. టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చునే సెక్యూరిటీ ఆవిడ లేచి వచ్చి బ్యాగు తెరిచి, టిఫిన్ తెరిచి, ఒళ్లంతా తడిమి చూస్తుంది. పెట్టె మీద ఇంగ్లిష్‌లో రాసి ఉంది, ర్యాండమ్ చెకింగ్ అని.

మొదటిరోజు నేను నొక్కితే ఎర్ర లైటు వచ్చింది. అందరం నవ్వుకున్నాం. మర్నాడు మళ్లీ ఎర్రదే. ఆ మర్నాడు పచ్చ వచ్చింది, తర్వాత మళ్లీ ఎర్ర. మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి. ఒక వారం గడిచేసరికి నేను గేటు దగ్గరికి వస్తుంటే వెనక వరుసలో మాటలు ఆగిపోయేవి. పరదా చాటున ఆవిడ చేతులు నా నడుము మీద, చంకల కింద పోతుంటే నేను గోడకు కొట్టిన మేకును చూస్తూ నిలబడేదాన్ని. దురుసుగా చేసేది కాదు. మాట్లాడేది కూడా కాదు. పెద్ద వయసు మనిషి, ఎప్పుడూ తలకు కొబ్బరినూనె వాసన. చెకింగ్ అయ్యాక బుర్ఖా సవరించుకుని బయటికి వస్తే బస్సులో అందరూ కూర్చుని ఉండేవాళ్లు. కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారనిపించేది. చూస్తూనే ఉండేవాళ్లేమో.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండటం మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకామెకు కిటికీ కావాలి, ఇంకొకామెకు ముందు కూర్చోకపోతే వాంతి వస్తుంది. అన్నీ నిజమైన కారణాలే కావచ్చు. నా పక్కన కూర్చునేది ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే. ల్యాబ్‌లో నా ఎదురు బల్ల మీద పనిచేసేది, హుజూరాబాద్‌లో అద్దె గదిలో ఉండేది. ఆమె తెలుగులో మరాఠీ మాటలు దొర్లేవి. సెక్యూరిటీ ఆవిడను మావశీ అని పిలిచేది. వాళ్ల వైపు చిన్నమ్మను అట్లా అంటారట.

"అక్కా, నాకు గా డబ్బ మీద డౌటు," అంది ఒకరోజు.

"డబ్బాకేం తెలుసు?"

"డబ్బకు తెల్వది. నేనూ గదే అంటున్న."

నాకు మాత్రం అప్పటికి డబ్బా మీద కాదు, మనుషుల మీద డౌటు. ప్యాకెట్ పోయిన రోజు చల్లగదికి నేను కూడా పోయాను, గింజలు తేవడానికి. ఆ మాట ఎవరో మేనేజర్‌కు చెప్పి ఉంటారు. ఎవరు? ఇన్‌ఛార్జ్ మేడమా? నా వెనకే వచ్చిన ప్యాకింగ్ సెక్షన్ ఆమెనా? బల్ల ముందు కూర్చుని మొలకలు చూస్తూ ఒక్కొక్కరి మొహం చూసేదాన్ని. ఎవరైనా నన్ను చూసి మామూలుగా నవ్వితే ఎందుకు నవ్వారని ఆలోచించేదాన్ని. ఎదురుగా కూర్చున్న ఆ పిల్లకు ఎప్పుడూ పచ్చ లైటే వస్తుందని కూడా ఒకరోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆమె పెట్టిన పచ్చడి ముట్టకుండా పక్కకు జరిపాను.

చివరికి మేనేజర్ దగ్గరికే పోయాను.

"సార్, రోజూ నాకే ఎర్ర లైటు వస్తుంది."

"రోజూ ఎక్కడమ్మా? మొన్న నువ్వు పచ్చ లైటుకు పోవుడు నేనే చూసిన."

"ఎక్కువసార్లు, సార్."

"అది మెషినమ్మా. నువ్వెవరో దానికి తెలుస్తదా? ర్యాండమ్ అంటే గట్లనే ఉంటది. ఒకరికి వస్తే వస్తనే ఉంటది, ఇంకొకరికి రాదు. నువ్వు ల్యాబ్ మనిషివి, నీకు నేను చెప్పాల్నా?"

ఆయన అన్న చివరి మాట నిజమే. చీటీలు తీస్తున్నప్పుడు ఒకే మూల బస్తాలు వరుసగా రావడం నేనూ చూశాను. అట్లా వస్తే మళ్లీ తీయకూడదని ఇన్‌ఛార్జ్ చెప్పింది. నచ్చలేదని మళ్లీ తీస్తే అది ర్యాండమ్ కాదు. మరి నాకు నచ్చనందుకే ఇది ర్యాండమ్ కాదనుకుంటున్నానా? ఆ రోజంతా నా మీదే నాకు అనుమానం.

ఆదివారం కరీంనగర్ పోయాను. డిగ్రీలో నాకు ఇంగ్లిష్ చెప్పిన మేడమ్ అక్కడే ఉంటుంది. రిటైరై చాలా కాలమైంది. అప్పుడప్పుడు పోయి కూర్చోవడం అలవాటు. గేటు సంగతి చెప్పలేదు. సిగ్గేసింది. ర్యాండమ్ అనే మాటకు అర్థం ఏమిటని మాత్రం అడిగాను.

"నీకు తెల్వని అర్థమా?" అంది మేడమ్.

"తెలిసింది సరిపోతలేదు మేడమ్. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి."

ఆమె లోపలికి పోయి బరువైన నిఘంటువు ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చింది. కళ్లజోడు మార్చుకుని, వేలు కిందికి జరుపుతూ చదివి, నాకు విడమర్చి చెప్పింది. అది ఫ్రెంచి వాళ్ల పాత మాట. మొదట దానికి అదృష్టంతో, లెక్కలతో పనే లేదు. దూకుడు అని అర్థం. యుద్ధంలో రౌతు కళ్లెం వదిలేసి గుర్రాన్ని శత్రువు మీదికి దూకిస్తాడే, ఆ వేగం. తర్వాత ఫిరంగులు వచ్చాయి. గురి చూడకుండా, ఎంత దూరం పోతే అంత దూరం పోనీ అని పేల్చే గుండుకు ఆ మాట అంటించారు. అక్కడి నుంచి గురి లేనిది, ఆలోచన లేనిది అనే అర్థం వచ్చింది. అందరికీ సమానంగా అవకాశం అనేది లెక్కలవాళ్లు చాలా ఆలస్యంగా వేసిన అంగీ.

"అయితే ముందు నుంచీ న్యాయమైన మాట కాదన్నట్టు," అన్నాను.

మేడమ్ పుస్తకం మూసింది. "మాటకు న్యాయమేందమ్మా. వాడేటోళ్లను బట్టి ఉంటది. ఫిరంగి గురి చూడకపోవచ్చు. కానీ ఏ దిక్కుకు తిప్పి పెట్టిన్రో చూడాలె గద."

టీ తాగి వచ్చేశాను. బస్సులో ఆ ఫిరంగి మాటే మెదులుతూ ఉంది.

ఇంటికి వచ్చాక అబ్బాకు మొత్తం చెప్పాను. అన్నాళ్లూ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం మానేయమంటాడని భయం. మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు నడుస్తాయి. అబ్బా కోపం ఉర్దూలో మొదలై తెలుగులో చల్లారుతుంది. ఆ రోజు కోపమే రాలేదు. గడ్డం నిమురుకుంటూ విన్నాడు. గుర్రం సంగతి చెప్తే మా తాత టాంగా గుర్తొచ్చిందన్నాడు.

తాత కరీంనగర్‌లో టాంగా తోలేవాడు. ఆయన గుర్రం ఒకటి ఉన్నట్టుండి బెదిరి పరుగందుకునేదట. ఎప్పుడు పరుగెత్తుతుందో ఎవరికీ తెలియదు. బేలగాం గుర్రం, కళ్లెం లేని గుర్రం అని పేరు పడిపోయింది. ఎక్కేవాళ్లు తగ్గారు. అమ్మేయమన్నారు అందరూ.

"మీ తాత అమ్మలే," అన్నాడు అబ్బా. "సవారీలు లేకుంట, గుర్రం పక్కపొంటి నడుసుకుంట పోయిండు. బట్టల దుకాణం మలుపు కాడ కొత్తగ రేకులు ఏసిండ్రు. పొద్దు ఓ తీరుగ వచ్చినప్పుడు గా రేకు తళుక్కుమని గుర్రం కండ్లల్ల కొట్టేది. మబ్బు ఉన్ననాడు ఏం లేదు. అందుకే ఎవ్వలకు సమజ్ కాలే."

"మరి ఏం చేసిండు?"

"కండ్లకు పక్కల తోలు గంతలు కట్టిండు. ఇగ చచ్చేదాంక ఎన్నడూ ఉరకలే. ఫికర్ చేయకు బేటా. ముందు చూడు. ఉరికినప్పుడు ఏమున్నది, ఉరకనప్పుడు ఏం లేదు, గంతే."

మర్నాటి నుంచి నేను చూడటం మొదలుపెట్టాను. ఏదీ రాసుకోలేదు. ఉత్తగా గమనించాను. పంటి నొప్పికి డాక్టర్ దగ్గరికని మధ్యాహ్నం పర్మిషన్ తీసుకుని వెళ్లిన రోజు టేబుల్ దగ్గర వేరే ఆమె ఉంది. పచ్చ లైటు. ఇంకోసారి పొద్దున వానకు బుర్ఖా తడిసి ముద్దయింది. సాయంత్రానికీ ఆరకపోతే మడిచి సంచిలో పెట్టుకుని, దుపట్టా మొహానికి చుట్టుకుని గేటుకు వచ్చాను. రోడ్డు దుమ్ముకు, విత్తనాలకు పట్టించే మందు వాసనకు అక్కడ ఆడవాళ్లందరం మొహాలు అట్లాగే చుట్టుకునేవాళ్లం. ఆ రోజు కూడా పచ్చే.

ఆ గేటులోంచి బుర్ఖా వేసుకుని పోయేది నేనొక్కదాన్నే.

ఆ మాట నేను పైకి అనలేదు. ఆసిఫాబాద్ పిల్లే అంది. భోజనాల దగ్గర, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి.

"అక్కా, నీ బుర్ఖా ఒక్కరోజు నాకియ్యి."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెల్సు."

ఆమెకు ఎప్పుడూ పచ్చ లైటే ఎందుకు వస్తుందా అని ఇన్ని రోజులు నేను ఆమెను కూడా అనుమానంగా చూస్తూ వచ్చిన సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఇస్తానన్నాను.

సాయంత్రం లాకర్ల గదిలో మార్చుకున్నాం. మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఎత్తు. బుర్ఖా వేసుకుని, నేను రోజూ కట్టుకున్నట్టే మొహానికి నఖాబ్ కట్టుకుని, నా బ్యాగు భుజానికి తగిలించుకుని ఆమె ముందు నడిచింది. ఆమె పసుపుపచ్చ చున్నీ మొహానికి చుట్టుకుని, ఆమె సంచి పట్టుకుని నేను నలుగురి వెనక నిలబడ్డాను. నాకు భయంగా ఉంది. నిజం బయటపడుతుందని కాదు. ఆమెకు పచ్చ లైటు వస్తే ఇన్ని రోజుల నా అనుమానమంతా ఉత్తదే అవుతుందని.

ఆమె బటన్ నొక్కింది. ఎర్ర లైటు.

ఇద్దరూ పరదా చాటుకు పోయారు. ఆ పిల్ల నఖాబ్ తీసినట్టుంది. తర్వాత సెక్యూరిటీ ఆవిడ గొంతు, చాలా చిన్నగా.

"నువ్వా?"

"నేనే మావశీ. సూడు. బ్యాగు సూడు, టిఫిన్ సూడు. రోజూ ఎట్ల సూస్తవో గట్లనే సూడు."

ఆవిడ చూడలేదు. పరదా పక్కకు తీసి, బయటికి వచ్చి కుర్చీలో కూర్చుంది. నా వంతు వచ్చింది. నేను చున్నీ కిందికి దించి, ఆవిడ మొహంలోకి చూస్తూ బటన్ నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. ఆవిడ నన్ను చూడకుండా, పో అన్నట్టు చెయ్యి ఊపింది.

మేనేజర్‌కు ఈ సంగతి ఇద్దరం కలిసి చెప్పాం. ఆయన శ్రద్ధగానే విన్నాడు. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టాడు.

"ఒక్కరోజు సూసి చెప్తే ఎట్లమ్మా? ర్యాండమ్ అన్నంక ఎవలకైనా రావొచ్చు. ఈమెకు రావద్దని ఏమన్న ఉన్నదా?"

నాకు ఏడుపు రాలేదు. ఒక తలుపు మూసుకున్నట్టు అనిపించింది. ఎన్ని రోజులు చూసి చెప్పినా ఆయన ఇదే మాట అంటాడు. ఏ సాక్ష్యం తెచ్చినా ఆ మాట దాన్ని మింగేస్తుంది. ల్యాబ్‌లో మా ఇష్టాన్ని తీసేయడానికి వాడే మాటను గేటు దగ్గర ఎవరిదో ఇష్టాన్ని దాచడానికి వాడుతున్నారు. అది అర్థమైంది, కానీ దాన్ని ఆయనకు చెప్పే తీరు నాకు దొరకలేదు.

ఆ పిల్ల ఎక్కువ ఆలోచించే మనిషి కాదు. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర బటన్ నొక్కలేదు. సంచి బోర్లించి టేబుల్ మీద పోసింది. దువ్వెన, ఉల్లిగడ్డలు, మందుల పట్టీ, అన్నీ.

"నన్ను సూసి పంపు మావశీ. లైటు ముచ్చట నాకొద్దు."

ఆమె వెనకున్న ప్యాకింగ్ సెక్షన్ ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తన టిఫిన్ కూడా తీసి పెట్టింది. ఎన్నో రోజులు నేను అనుమానంగా చూసిన మనిషే ఆమె. ఆ తర్వాత ఇంకొకరు. అందరూ పెట్టలేదు. కొందరు విసుక్కుంటూ వెనక నిలబడ్డారు, బస్సు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. బ్యాగుల బరువుకు, తోపులాటకు టేబుల్ ఒక పక్కకు జరిగింది. దానితోపాటు కింద నుంచి ఒక వైరు, వైరు చివర చిన్న నల్లటి పెడల్ బయటికి వచ్చాయి. కరెంటు కుట్టుమిషన్ కింద కాలితో నొక్కేది ఉంటుందే, అట్లాంటిది. వైరు రెండో కొస పైనున్న పెట్టెలోకి పోయింది.

అందరూ చూశారు. సెక్యూరిటీ ఆవిడ కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

గోల విని మేనేజర్ వచ్చాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు.

"అది మెషిన్‌తోనే వచ్చిందమ్మా. ఎవరి మీదన్న అనుమానముంటే నొక్కనీకి."

"ఎవరి మీద సార్?" అన్నాను.

ఆయన బస్సు వైపు చూసి, లేటవుతుంది, ఎక్కండి అన్నాడు.

కొద్దిరోజుల్లోనే పెట్టె తీసేశారు. అందరినీ చూసి పంపడం మొదలుపెట్టారు. రోజూ బస్సు ఆలస్యం. ఇంటికి పోయి వంట చేసుకోవలసినవాళ్లు నన్ను చూసి గొణుక్కునేవాళ్లు. నా పక్క సీటు అయితే నిండింది. అది మంచితనమో, కొత్త పంచాయితీ ఎందుకనో, నాకు తేల్చుకోబుద్ధి కాలేదు. ఆ ప్యాకెట్ ఏమైందో ఇప్పటికీ తెలియదు. సెక్యూరిటీ ఆవిడను ఆ నెలలోనే మాన్పించారు. మేనేజర్ అక్కడే ఉన్నాడు. తర్వాతి ఏడు నాకు వేరేచోట, ఇంకో విత్తనాల ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, మారిపోయాను. ఆసిఫాబాద్ పిల్ల పెళ్లి చేసుకుని కాగజ్‌నగర్ పోయింది.

ఆ మధ్య ఒకరోజు హుజూరాబాద్ కూరగాయల మార్కెట్‌లో ఆ సెక్యూరిటీ ఆవిడ ఎదురైంది. ముందు నేను తప్పించుకుందామనుకున్నాను. ఆవిడే పిలిచింది, బిడ్డా అని. చిక్కిపోయింది. వంకాయలు ఏరుతూ, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నా మీద కోపమున్నదా?"

"ఉండె. మీకు చెప్పింది ఎవరు, నన్ను చూసి నొక్కమని?"

"నిన్ను సూసి నొక్కమని ఎవ్వలు చెప్పలే. అనుమానమున్నోళ్లకు నొక్కు అన్నరు. అనుమానం ఎవల మీద అని అడిగితే, నీకు తెల్వదా అన్నరు." వంకాయ ఒకటి తిప్పి చూసి పక్కన పెట్టింది. "నాకేం తెలుస్తది బిడ్డా. ఎవలనో ఒకలను పట్టకపోతే నా నౌకరి పోతది. నువ్వు నల్లబట్టల దూరంకెళ్లే కనవడుతుంటివి."

ఆవిడ వంకాయలు తక్కెడలో పోయించుకుని, సంచి సర్దుకుని, పోబోతూ ఆగింది.

"కని ఒక్క మాట. అన్ని దినాలు నేను నొక్కలే. కొన్ని దినాలు నేను కాలు గూడ కదపలే, గా లైటు తానే ఎర్రగ అయింది. నమ్మితే నమ్ము."

"ఏ రోజులు?"

"యాదికి లేదు."

జనంలో కలిసిపోయింది. ఆ సాయంత్రం కాగజ్‌నగర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "అబద్ధమక్కా," అంది ఆ పిల్ల, వెంటనే. "తప్పు సగం డబ్బ మీదికి నూకుతుంది." అంతే అయి ఉండవచ్చు. కానీ అబద్ధం చెప్పదలిస్తే అన్ని రోజులూ డబ్బానే అనవచ్చు కదా, సగం ఎందుకు ఒప్పుకుంది? పరదా చాటున నిలబడ్డ ఆ సాయంత్రాలను ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చూశాను, ఏది ఆవిడ కాలుదో, ఏది కాదో. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.